గర్భిణికి లంఖణం వద్దు, బాలింతకు దాహం వద్దు

ప్రకృతి వైద్యురాలిగా ఈ శీర్షికకు నాకొచ్చిన ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే సగానికి పైగా గర్భిణులవి, బాలింతలవి, వాళ్ళ అమ్మలవి, అత్తగార్లవి. ఇద్దరు భర్తలు కూడా రాశారు, సంతోషం. కాబట్టి ఈసారి మోకాళ్ళ నొప్పులవాళ్ళు, గ్యాస్ ట్రబుల్ వాళ్ళు కాస్త ఆగాలి.

జవాబుల్లోకి వెళ్ళే ముందు ఒక మాట. ప్రకృతి వైద్యంలో పనులు రెండు రకాలు: ఒంట్లోంచి తీసేసేవి, ఒంటికి ఇచ్చేవి. ఉపవాసం, ఎనిమా, ఆవిరి స్నానం, వమనధౌతి (ఉప్పునీళ్ళు తాగి కక్కేయడం), శంఖప్రక్షాళన (ఉప్పునీళ్ళు తాగి పేగులు కడుక్కోవడం) ఇవన్నీ తీసేసేవి. తిండి, నీళ్ళు, ఎండ, నిద్ర, నడక, నెమ్మదిగా పీల్చే ఊపిరి ఇవి ఇచ్చేవి. కడుపుతో ఉన్నన్నాళ్ళూ, పాలిచ్చే మొదటి నెలల్లోనూ ఆ మొదటి రకాన్ని అటక మీద పెట్టేయాలి. నేను ఇంటర్న్‌గా ఉన్న రోజుల్లో ఒక ఆశ్రమంలో మలబద్ధకం అని రాసి ఉందని ఒకమ్మాయికి ఎనిమా డబ్బా తెచ్చి కొక్కేనికి తగిలించారు, కేస్ షీట్ రెండో పేజీ ఎవరూ తిప్పలేదు, ఆ అమ్మాయే చున్నీ సర్దుకుంటూ "నాకు ఐదో నెలండీ" అని భయంభయంగా చెప్పబట్టి ఆగింది. ఇరవై ఏళ్ళయినా ఆ గొంతు నాకు గుర్తే.

ప్రశ్న: బరువు తగ్గడానికి ఏడాదిగా ప్రకృతి ఆహారం తింటున్నాను. వారానికి ఒకరోజు తేనె, నిమ్మరసం నీళ్ళ మీద ఉపవాసం, పొద్దున పచ్చి మొలకలు, ఉప్పూ నూనే లేని కూరలు. ఇప్పుడు నాకు ఏడో వారం. వాంతులు ఎక్కువగా ఉన్నాయి. ఒంట్లో మలినాలు పోతున్నాయి, ఉపవాసం ఆపొద్దని మా వాట్సాప్ గ్రూపులో అంటున్నారు. కొనసాగించనా? — ఒక పాఠకురాలు, తణుకు

ముందు ఆ గ్రూపులోంచి బయటికి రండమ్మా. ఇవి మలినాలు పోయే వాంతులు కావు, గర్భం వల్ల హార్మోన్లు మారినందుకు వచ్చే వాంతులు. చాలామందికి మూడు నాలుగు నెలలకు వాటంతటవే తగ్గిపోతాయి.

లంఖణం పరమౌషధం అన్నారు, నిజమే, నేనూ రోజుకి పదిమందికి చెబుతాను, కానీ అది గర్భిణికి వర్తించదు. మామూలు మనిషి కంటే గర్భిణి ఒంట్లో చక్కెర నిల్వలు త్వరగా ఖాళీ అవుతాయి, పూట తిండి మానేసినా ఒళ్ళు కొవ్వును కరిగించుకోవడం మొదలుపెట్టి రక్తంలో కీటోన్లు పెరుగుతాయి, దాంతో వికారం ఇంకా ఎక్కువవుతుంది. అంటే వాంతులని ఉపవాసం, ఉపవాసమని వాంతులు, గానుగెద్దులా తిరుగుతారు.

పొద్దున లేవగానే మంచం దిగకముందే గుప్పెడు పేలాలో మరమరాలో నమలండి. కడుపు ఖాళీగా ఉంచకుండా రెండు గంటలకోసారి కొంచెం కొంచెం తినండి, తినేటప్పుడు కాకుండా మధ్యమధ్యలో నీళ్ళు గుక్కలుగా తాగండి. పోపు వాసన పడకపోతే ఇంట్లో వేరేవాళ్ళని వండమనండి, ఇందులో మొహమాటం అక్కర్లేదు. అల్లం నిజంగానే పనిచేస్తుంది, సొంఠి అయితే రోజుకి ఒక గ్రాము దాటకుండా, పచ్చి అల్లం అయితే చిన్న ముక్క నీళ్ళలో మరిగించి. మణికట్టు గీత నుంచి మోచేయి వైపు మూడు వేళ్ళ దూరంలో, లోపలివైపు రెండు స్నాయువుల మధ్య బొటనవేలితో రెండు నిమిషాలు నొక్కడం కొందరికి ఉపశమనం ఇస్తుంది, కొందరికి ఇవ్వదు, చేసి చూడటంలో నష్టమైతే లేదు.

పచ్చి మొలకలు ఆపేయండి. తడిగా వెచ్చగా ఉన్నచోట గింజతోపాటు సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా కూడా మొలకెత్తుతుంది, పైపైన కడిగితే అది పోదు. పొగలు వచ్చేదాకా ఉడికించుకుని తినండి. ఇక ఉప్పు లేని తిండి గురించి: ఈ రోజుల్లో మనకు అయోడిన్ చాలావరకు అయోడైజ్డ్ ఉప్పులోంచే అందుతోంది, బిడ్డ మెదడు ఎదగాలంటే గర్భిణికి రోజుకి 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి. బీపీ పేరుతో డాక్టరు ప్రత్యేకంగా చెప్పి ఉంటే తప్ప కూరల్లో మామూలుగా ఉప్పు వేసుకోండి. ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టకపోతే ఇవాళే మొదలుపెట్టండి, అసలైతే గర్భం రాకముందు నుంచే వేసుకోవాల్సిన మాత్ర అది, రోజుకి 400 మైక్రోగ్రాములు.

గుక్కెడు నీళ్ళు కూడా కడుపులో నిలవకపోయినా, ఎనిమిది గంటలు మూత్రం రాకపోయినా, వాంతిలో రక్తం కనిపించినా ఆసుపత్రికి వెళ్ళి సెలైన్ ఎక్కించుకోండి. సెలైన్ అంటే నీళ్ళూ ఉప్పే, అదేం ప్రకృతికి విరుద్ధం కాదు.

ప్రశ్న: నాకు ఆరో నెల నడుస్తోంది. హిమోగ్లోబిన్ 8.9 ఉంది. ఐరన్ మాత్రలు వేసుకుంటే విరేచనం నల్లగా వస్తోంది, కడుపులో తిప్పుతోంది. మానేసి బీట్‌రూట్ రసం, ఖర్జూరాలు తీసుకుంటున్నాను. సరిపోతుందా? ఇంకో సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, రోజూ బలపాలు తింటున్నాను. — పేరు వద్దు, మహబూబ్‌నగర్ జిల్లా

సరిపోదు. బీట్‌రూట్ ఎర్రగా ఉంటుంది కాబట్టి రక్తం పడుతుందని మనవాళ్ళ నమ్మకం. వంద గ్రాముల బీట్‌రూట్‌లో ఐరన్ ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. మీకు ఆశా కార్యకర్త ఇచ్చిన మాత్రలో 60 మిల్లీగ్రాములు ఉంటుంది. పైగా కూరగాయల్లోని ఐరన్ ఒంటికి పట్టేది తక్కువ. రక్తం బాగున్నప్పుడు దాన్ని నిలబెట్టుకోవడానికి తిండి చాలు, కానీ 8.9కి పడిపోయాక రాబోయే మూడు నెలల్లో కాన్పుకి సిద్ధం కావాలంటే మాత్ర వేసుకోవాల్సిందే. ప్రకృతి వైద్యురాలిని అయ్యుండి ఈ మాట రాస్తున్నానని కొందరికి కోపం రావచ్చు, రానీయండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) లెక్కల్లో దేశంలోని గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. కాన్పులో పోయే రక్తాన్ని తట్టుకోవడానికి ముందు ఒంట్లో రక్తం ఉండాలి కదా.

మీరున్న స్థాయికి సాధారణంగా రోజుకి రెండు మాత్రలు ఇస్తారు, మీ పీహెచ్‌సీ డాక్టరుని అడిగి వేసుకోండి. నల్లగా రావడం మామూలే, భయం వద్దు. కడుపులో తిప్పకుండా ఉండాలంటే రాత్రి కొంచెం తిన్న తర్వాత నిమ్మరసం నీళ్ళతో వేసుకోండి. పాలు, టీ, కాల్షియం మాత్ర వీటితో కలిపి వేసుకోవద్దు, కనీసం రెండు గంటలు తేడా ఉండాలి, చాలామంది ఐరన్, కాల్షియం రెండు మాత్రలూ ఒకేసారి పాలతో మింగేసి రక్తం పెరగట్లేదంటారు. మలబద్ధకానికి జామకాయ, ఆకుకూరలు, ఇసబ్‌గోల్, బాగా నీళ్ళు. విరేచనాలు పట్టించే సునాముఖి ఆకు జోలికి పోకండి. కూర ఇనప మూకుడులో వండండి, మునగాకు, తోటకూర, శనగలు తినండి, అలవాటుంటే మాంసం, చేప తినండి. నెల తర్వాత మళ్ళీ రక్తపరీక్ష. కనీసం ఒక గ్రాము పెరగకపోతే ఐరన్ సెలైన్‌లో ఎక్కిస్తారు, వద్దనకండి.

ఇక బలపాల సంగతి. సిగ్గుపడాల్సిన పని లేదు, మీరు ఒక్కరే కాదు. ఒకసారి నా ఎదురుగా కూర్చున్న టీచరమ్మ చీటీ తీయడానికి హ్యాండ్‌బ్యాగ్ తెరిస్తే అడుగునంతా బూడిదరంగు పొడి, అందులో కొరికిన బలపం ముక్కలు, పిల్లల దగ్గర తీసుకున్నవి. ఐరన్ తగ్గినవాళ్ళకి మట్టి, బియ్యం, బలపం, ఐసు ముక్కలు తినాలనిపించడం చాలా మామూలు. తింటే మాత్రం ఉన్న కాస్త ఐరన్ కూడా ఒంటికి పట్టకుండా పోతుంది. రక్తం పెరిగే కొద్దీ ఆ యావ దానంతటదే తగ్గుతుంది. అప్పటిదాకా నోరు ఊరుకోకపోతే వేయించిన శనగలు కొంగున కట్టుకోండి. నులిపురుగుల మాత్ర మొదటి మూడు నెలలు దాటాక ఇస్తారు, వేసుకున్నారో లేదో కూడా అడగండి.

ప్రశ్న: మా ఆవిడకి ఎనిమిదో నెల. ఆసుపత్రికి వెళ్తే సిజేరియన్ చేసేస్తారని మా భయం. ఇంట్లోనే నీటి తొట్టిలో సహజ ప్రసవం చేయించాలని ఉంది. చాలా వీడియోలు చూశాను, నాకు ధైర్యం ఉంది. మీరు సాయం చేస్తారా? — ఒక భర్త, హైదరాబాద్

చెయ్యను. మీ భయం అర్థం లేనిది కాదు, తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లేనని ఇందాక చెప్పిన సర్వేనే చెబుతోంది, ఆంధ్రప్రదేశ్‌లో 42.4. ఇంత అవసరమా అంటే కాదనే నేనూ అంటాను. కానీ దానికి మందు తొట్టి కాదు. కాన్పయ్యాక గర్భసంచి ముడుచుకోకపోతే రక్తం కుళాయి తిప్పినట్టు పోతుంది, ఒకటి రెండు గంటల్లో ప్రాణం మీదికొస్తుంది, అప్పుడు కావలసింది గర్భసంచి ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్, రక్తం, చేయి తిరిగిన మనిషి. 2018లో తమిళనాడు తిరుప్పూర్‌లో ఇలాగే వీడియోలు చూసి ఇంట్లో కాన్పు చెయ్యబోతే రక్తస్రావమై ఒక తల్లి చనిపోయింది. ధైర్యం మీది, రక్తం ఆమెది.

గాంధీగారి కంటే ప్రకృతి వైద్యాన్ని నమ్మినవాళ్ళు ఎవరు చెప్పండి. ఆయన చిన్న కొడుకు కాన్పు ఆయన చేతుల మీదుగానే జరిగింది, నిజం. కానీ మంచి వైద్య సాయం తీసుకోవాలని తానూ కస్తూర్బా ముందే నిశ్చయించుకున్నామని, డాక్టరు సమయానికి దొరక్క అలా చెయ్యాల్సి వచ్చిందని ఆయనే రాసుకున్నారు. రెండో ముక్క వదిలేసి మొదటి ముక్కే ప్రచారంలో పెడతారు మనవాళ్ళు.

మీరు చెయ్యగలిగింది వేరే ఉంది. కాన్పులు చేయడంలో శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లు ఉన్న ఆసుపత్రి వెతకండి, తెలంగాణ ప్రభుత్వమే 2017 నుంచి నర్సులకు ఈ శిక్షణ ఇప్పిస్తోంది, హైదరాబాద్‌లో ఫెర్నాండెజ్ ఆసుపత్రి లాంటి చోట్ల ఎప్పట్నించో ఉంది. డాక్టరుని సూటిగా అడగండి: నొప్పుల్లో నడవనిస్తారా, పక్కన నన్ను ఉండనిస్తారా, ఎలాంటప్పుడు ఆపరేషన్ అంటారు? జవాబు చిరాగ్గా వస్తే ఇంకో డాక్టరుని చూసుకోవడానికి మీకింకా టైముంది. ఈలోపు రోజూ అరగంట ఆమెతో కలిసి నడవండి, 34 వారాలు దాటాక యోని దగ్గరి కండరాలకి శుభ్రమైన కొబ్బరినూనెతో మెల్లగా మసాజ్ ఎలా చేసుకోవాలో నర్సుని అడిగి నేర్చుకోమనండి, మొదటి కాన్పులో చిరుగులు, కుట్లు తగ్గుతాయని దీనికి మంచి ఆధారం ఉంది. మన మాగజైన్లలో రాయడానికి సిగ్గుపడతారుగానీ రాయాల్సిన విషయం.

ప్రశ్న: మా కోడలికి తొమ్మిదో నెల. మా కాలంలో నొప్పులు సులువుగా రావడానికి ఆముదం పట్టేవాళ్ళం, నెయ్యి బాగా తినిపించేవాళ్ళం. కోడలు వినట్లేదు. ఆవిరి స్నానం, వేడి తొట్టి స్నానం చేయిస్తే మంచిదా? — ఒక అత్తగారు, గుంటూరు

ఈ ఒక్క విషయంలో కోడలి మాటే రైటు, అమ్మా. ఆముదం తాగితే విరేచనాలు పట్టుకుంటాయి, ఆ మెలితిప్పుడుకి ఒక్కోసారి గర్భసంచి కూడా కదులుతుంది, కానీ నొప్పుల సమయానికి మనిషి నీరసించి నీళ్ళు లేక వాడిపోయి ఉంటుంది. నెయ్యి కడుపులోకి వెళ్తుంది, బిడ్డ ఉండేది గర్భసంచిలో, ఈ రెంటికీ దారి లేదు, కాబట్టి నెయ్యి తింటే బిడ్డ జారిపోవడం జరగదు, అన్నంలో రెండు చెంచాలు రుచికి వేసుకోనివ్వండి. ఆవిరి స్నానం, వేడి తొట్టి తొమ్మిది నెలల్లో ఏ నెలలోనూ వద్దు, తల్లి ఒంటి వేడి 39 డిగ్రీల సెల్సియస్ దాటితే బిడ్డకి మంచిది కాదు, మొదటి మూడు నెలల్లో అయితే మరీ ప్రమాదం. నడుం నొప్పికి గోరువెచ్చని నీళ్ళ సంచి వీపు మీద పెట్టండి, పొట్ట మీద కాదు. కాళ్ళ వాపుకి మామూలు నీళ్ళలో పావుగంట పాదస్నానం, తర్వాత ఎడమవైపు తిరిగి పడుకోవడం. 36 వారాల నుంచి రోజుకి ఐదారు ఖర్జూరాలు తింటే నొప్పులు మందు అవసరం లేకుండా మొదలవడానికి కొంత సాయపడుతుందని కొన్ని చిన్న అధ్యయనాల్లో కనిపించింది. కోడలికి షుగర్ లేకపోతేనే పెట్టండి.

వాపు ముఖానికి, చేతులకి కూడా వచ్చినా, తలనొప్పి తగ్గకపోయినా, కళ్ళు బైర్లు కమ్మినా, బిడ్డ కదలిక తగ్గినా ఏ స్నానమూ వద్దు, వెంటనే బీపీ చూపించండి. 140/90 దాటితే ఇక అది ఆసుపత్రి పని.

ప్రశ్న: మా అమ్మాయి డాలస్‌లో ఉంటోంది. వచ్చే నెల కాన్పు. నేను వెళ్తున్నాను. బాలింతకు పెట్టే కాయం లేహ్యం, సొంఠి పొడి, వెల్లుల్లి కారం, తెలగపిండి, సాంబ్రాణి, నడికట్టు గుడ్డ, బిడ్డకి వసకొమ్ము, తేనె, ఆముదం అన్నీ సర్దుకున్నాను. అక్కడ కాన్పయిన రోజే చన్నీళ్ళు ఇస్తారట, తలస్నానం చేయమంటారట. నాకు టెన్షన్‌గా ఉంది. ఏవి పనికొస్తాయి? — ఒక అమ్మ, విజయవాడ

మీ సూట్‌కేసు నా ముందు తెరిచినట్టే ఉంది, ఒక్కొక్కటి తీసి చూద్దాం.

ముందు నీళ్ళు. నా మొదటి కాన్పులో మా అమ్మమ్మ ఇత్తడి చెంబులో కాచిన నీళ్ళు పోసి, దాని మీద గ్లాసు బోర్లించి, పూటకి మూడు గుటకలే అని లెక్కపెట్టి ఇచ్చేది, పొట్ట జారిపోతుందని ఆవిడ భయం. అప్పటికే డాక్టర్ సర్టిఫికెట్ గోడకి తగిలించి ఉన్న నేను, రాత్రి ఆవిడ నిద్రపోయాక బాత్రూం కుళాయి దగ్గర దోసిలి పట్టి తాగాను. చనుబాలల్లో నూటికి 87 పాళ్ళు నీళ్ళే. బాలింతకి నీళ్ళు ఆపితే మలబద్ధకం, మూత్రంలో మంట, రక్తం గడ్డకట్టే ప్రమాదం. దాహమేసినప్పుడల్లా తాగాలి, పాలిచ్చే ప్రతిసారీ పక్కన గ్లాసు ఉండాలి. చన్నీళ్ళా వేణ్ణీళ్ళా అన్నది అమ్మాయి ఇష్టం, ఏదైనా ఫరవాలేదు. స్నానం కూడా అంతే, జలుబు చేసేది వైరస్ వల్ల, తలస్నానం వల్ల కాదు. చెవుల్లో దూది పెట్టుకుంటే మీకు తృప్తిగా ఉంటుందంటే పెట్టండి, దానివల్ల నష్టం లేదు.

తెలగపిండి తప్పకుండా తీసుకెళ్ళండి. నువ్వుల నూనె తీశాక మిగిలిన పిండి అది, మాంసకృత్తులు, కాల్షియం ఉంటాయి, మునగాకు వేసి వెల్లుల్లి పోపుతో చేస్తే బాలింతకి ఇంతకంటే మంచి కూర లేదు. కొత్తది చూసుకోండి, ముక్కిపోయిన వాసన వస్తే పారేయండి. వెల్లుల్లి కారం, సొంఠి పొడి మొదటి ముద్దకి బాగుంటాయి, కానీ అవి తప్ప ఇంకేం పెట్టని పథ్యం వద్దు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు మామూలు కంటే రోజుకి 600 కేలరీలు ఎక్కువ కావాలని మన జాతీయ పోషకాహార సంస్థ లెక్క. కారం అన్నంతో అది రాదు. పప్పు, పెరుగు, గుడ్డు, పళ్ళు, కూరలు అన్నీ పెట్టండి. పప్పు తింటే చీము పడుతుందన్నది ఒట్టి మాట.

కాయం ఇంట్లో మీ చేతులతో దంచినదైతే రోజూ ఉసిరికాయంత సరే. కొన్న లేహ్యాలు, పేరు తెలియని భస్మాలు కలిసిన మందులు మాత్రం తీసేయండి. 2011–12లో న్యూయార్క్‌లో ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా ఉన్నట్టు తేలింది, ఆరుగురూ ఆయుర్వేద మందులు వాడినవాళ్ళే. సీసం బిడ్డ మెదడుకి చేటు.

సాంబ్రాణి ఇంట్లోనే వదిలేయండి. పొగ పసిగుడ్డు ఊపిరితిత్తులకి మంచిది కాదు, పైగా అక్కడ ఇళ్ళకి పొగ పసిగట్టే అలారాలు ఉంటాయి, మీరు ధూపం వేసిన రెండు నిమిషాలకి అది మొత్తుకుంటుంది, బిడ్డ కూడా దానితో కలిసి మొత్తుకుంటుంది. నడికట్టు నడుముకి ఆసరాగా వదులుగా కట్టుకుంటే హాయిగా ఉంటుంది, పొట్ట తగ్గాలని ఊపిరాడకుండా బిగిస్తే కింద కండరాల మీద ఒత్తిడి పడుతుంది.

బిడ్డ కోసం సర్దినవన్నీ తీసేయండి, అన్నీ. తేనె ఏడాది నిండేదాకా నాకించకూడదు, బొటులిజం అనే జబ్బు రావచ్చు, అది నరాలని పట్టేస్తుంది. వసకొమ్ము అరగదీసి పెడితే మాటలు త్వరగా వస్తాయని మనవాళ్ళు అంటారు, అమెరికాలో తిండి పదార్థాల్లో వస వాడటమే నిషేధం. ఆముదం వద్దు. మొదటి గంటలో ముర్రుపాలు, తర్వాత ఆరు నెలలు తల్లిపాలు, అంతే, ఎండాకాలమైనా నీళ్ళు కూడా అక్కర్లేదు. సూట్‌కేసులో ఖాళీ అయిన చోట నాలుగు పాత నూలు చీరలు పెట్టుకెళ్ళండి, పొత్తిగుడ్డలకి వాటిని మించినవి అక్కడ డబ్బు పెట్టినా దొరకవు.

ప్రశ్న: పాలు పడటానికి సొరచేప పిట్టు తినమంటున్నారు. తినొచ్చా? — కాకినాడ

గోదావరి జిల్లాల్లో పుట్టిన ఏ బాలింతా తప్పించుకోలేని ప్రశ్న ఇది. మాంసకృత్తుల వరకు సొర మంచిదే, కానీ అది చిన్న చేపల్ని తిని బతికే పెద్ద చేప, వాటిలో ఉన్న పాదరసమంతా దాని ఒంట్లో పోగుపడుతుంది, పాల ద్వారా కొంత బిడ్డకి చేరుతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు తినకపోవడమే మంచిది. బదులుగా మెత్తళ్ళు, కానాగంతలు తినండి, చిన్న చేపలు, చవక కూడా. అసలు పాలు పడేది బిడ్డ చీకితేనే. ఇరవై నాలుగు గంటల్లో ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పట్టించండి, రాత్రి కూడా. రొమ్ములు గడ్డకట్టి నొప్పిగా ఉంటే పట్టించే ముందు వెచ్చని తడిగుడ్డ, పట్టించాక చల్లని తడిగుడ్డ. జ్వరం వచ్చి ఒకచోట ఎర్రగా కందితే డాక్టరుకి చూపించండి, పాలివ్వడం మాత్రం ఆపొద్దు.

ప్రశ్న: మామూలు కాన్పయి పది రోజులైంది. కుట్లు నొప్పి, మొలలు కూడా వచ్చాయి. తొట్టి స్నానం చేయొచ్చా? — రాజమహేంద్రవరం

తొట్టి స్నానాన్ని ప్రపంచానికి చెప్పిన లూయీ కూనే జర్మనీవాడు, ఆయన పుస్తకాన్ని 1894లోనే వెంకటచలపతి శర్మగారు తెలుగులోకి తెచ్చారు, మన దేశంలోకి ప్రకృతి వైద్యం అడుగుపెట్టిందే తెలుగులో అని మేం గొప్పగా చెప్పుకుంటాం. అయినా కూనే గారి చల్లని తొట్టి మీకిప్పుడే వద్దు. చికిత్సాలయాల్లో పదిమంది కూర్చునే తొట్టి అసలే వద్దు, రక్తస్రావం పూర్తిగా ఆగి ఆరు వారాలు దాటాక చూద్దాం.

ఇంట్లో మీకొక్కరికే వెడల్పాటి ప్లాస్టిక్ బేసిన్ కొనండి. శుభ్రంగా తోమి, మోచేయి ముంచితే హాయిగా అనిపించే వేడిలో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు పోసి, పది పదిహేను నిమిషాలు కూర్చోండి, రోజుకి రెండు మూడు సార్లు, విరేచనమయ్యాక ఒకసారి తప్పనిసరి. డెటాల్ వద్దు, పసుపు వద్దు, వేపాకు కూడా వద్దు, ఉత్త నీళ్ళు. మెత్తని గుడ్డతో అద్దుకోండి, రుద్దకండి. మొలలు తగ్గాలంటే విరేచనం మెత్తగా రావాలి, పీట మీద పాదాలు పెట్టుకుని కూర్చుంటే ముక్కాల్సిన పని తగ్గుతుంది. కుట్ల దగ్గర చెడు వాసన, చీము, జ్వరం ఉన్నా, గంటలో ప్యాడ్ తడిసిపోతున్నా, ఒక పిక్కలో మాత్రమే నొప్పి వాపు ఉన్నా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

ప్రశ్న: మా ఆవిడకి సిజేరియన్ అయి 25 రోజులు. రోజూ ఏడుస్తోంది. బిడ్డ పడుకున్నా తను పడుకోదు. నేను మంచి తల్లిని కానంటుంది. గాలి సోకిందని మా అమ్మ దిష్టి తీస్తోంది. యోగా, మర్దన ఏమైనా చెప్పండి. — ఒక భర్త, వరంగల్

బాబూ, ఈ ఉత్తరం అన్నింటికంటే ముందు చదివాను. కాన్పయిన మూడో రోజు నుంచి రెండు వారాల దాకా ఊరికే కన్నీళ్ళు రావడం చాలామందికి ఉంటుంది, పోతుంది. 25 రోజులైనా ఉందంటే, బిడ్డ నిద్రపోయినా నిద్ర రావట్లేదంటే అది ప్రసవానంతర డిప్రెషన్ అయ్యుండొచ్చు. ఇది జబ్బు, ఆమె తప్పు కాదు. ఈ వారంలోనే సైకియాట్రిస్టుకి చూపించండి. పాలిస్తూ వాడగలిగే మందులున్నాయి, ముందే ఆ మాట చెప్పి రాయించుకోండి. ఇవాళే మాట్లాడాలంటే ప్రభుత్వ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం తీసుకోరు. చనిపోవాలనుంది అన్నా, బిడ్డని ఏమైనా చేస్తానేమో అన్నా, లేనివి వినిపిస్తున్నాయన్నా ఆమెని క్షణం ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ప్రకృతి వైద్యం నుంచి ఇప్పుడు నేనివ్వగలిగింది నిద్ర ఒక్కటే, అది కూడా మీ ద్వారానే. రాత్రి పదికి ఆమె పాలిచ్చాక బిడ్డని మీరు తీసుకుని వేరే గదిలోకి వెళ్ళండి, గుడ్డలు మార్చడం, జోకొట్టడం మీది, మళ్ళీ పాలకి మాత్రమే లేపండి. పొద్దున ఏడున్నర ఎండలో డాబా మీద పది నిమిషాలు పక్కన కూర్చోండి, సలహాలివ్వకండి. నువ్వుల నూనెతో చేతులకి, భుజాలకి, పాదాలకి మెల్లగా రాయొచ్చు, పిక్కలు గట్టిగా పిసకొద్దు, కోత దగ్గర అసలు తాకొద్దు. కళ్ళు మూసుకుని పొట్టతో నెమ్మదిగా ఊపిరి తీసుకోమనండి. కపాలభాతి, పొట్ట వ్యాయామాలు ఇప్పుడు కాదు, ఆరు వారాల చెకప్ అయ్యాకే. మీ అమ్మగారితో గొడవ పెట్టుకోకండి, దిష్టి తీయనివ్వండి, ఆ ఉప్పూ మిరపకాయలూ అయ్యాక డాక్టరు దగ్గరికి ఆవిడని కూడా వెంటబెట్టుకెళ్ళండి.

ప్రశ్న: ఏడో నెల. బుగ్గల మీద నల్ల మంగు వచ్చింది. మట్టి పట్టీ వేసుకోవచ్చా? — నంద్యాల

ముఖానికైతే వేసుకోవచ్చు. నాలుగడుగుల లోతు నుంచి తీసిన శుభ్రమైన మట్టి ఎండబెట్టి, జల్లించి, నీళ్ళలో నానబెట్టి పావుగంట ఉంచి కడిగేయండి, చల్లగా హాయిగా ఉంటుంది, మంగు మాత్రం దానివల్ల పోదు. అది గర్భం హార్మోన్లది, చాలామందికి కాన్పయ్యాక కొన్ని నెలల్లో పలచబడుతుంది. ఎండలోకి వెళ్తే గొడుగు పట్టుకోండి, మందుల షాపులో అడిగి తెచ్చుకునే తెల్లబరిచే క్రీములు రాయకండి. పొట్ట మీద మట్టి పట్టీ మాత్రం కాన్పయ్యేదాకా వద్దు. ఇంకో సంగతి, మట్టి నానబెడుతున్నప్పుడు ఆ వాసనకి నోరూరిందంటే మర్నాడే వెళ్ళి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి.